కొల్లేటి అడుగున దొరికిన వాన

"కొల్లేరు అడుగు మట్టి తియ్యడానికి వచ్చిన పెద్దకాలేజీ వాళ్ళకి పడవ నడిపిందెవరనుకున్నారు? నేనే!" అన్నాడు సుందరరాజు, మోపిదేవి సెంటర్లో మంగమ్మ టీకొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని.

పక్కనే రేకుపెట్టెతో అతని బావ జీవరత్నం గుడివాడ బస్సు కోసం చూస్తున్నాడు. తుఫానుకి కరకట్ట తెగి అతని చేలో సముద్రం నిలిచింది. అప్పట్నుంచీ గింజ పండలేదు. రైసుమిల్లులో పనికి వెళ్ళిపోతున్నాడు, ఇక రాడట.

"పొడుగాటి ఇనప గొట్టం దింపుతున్నారండీ, దిగదే! నేనొక్క గుద్దు గుద్దితే సర్రున పోయింది. ఆ మట్టిలో కంటికి ఆనని గవ్వలుంటాయి, అద్దం కింద పెట్టి చూస్తే ఏ కాలంలో వానలు కురిశాయో, ఎప్పుడు ఉప్పునీళ్ళొచ్చాయో తెలుస్తుందన్నారు ప్రొఫెసరు గారు. అద్దమెందుకండీ అని ఇంత మట్టి నాలిక మీద వేసుకున్నా. ఉప్పుకషాయం! ఇక్కడిదాకా సముద్రం వచ్చిందండీ అన్నా. చూస్తే సముద్రపు గవ్వలే! ఆయన నోట మాట లేదు."

"నీ నోట మాత్రం బోలెడుంది, సుందరరాజన్నా" అంది మంగమ్మ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి జానెడు పైనున్న మట్టి నాకి చూశా. కొబ్బరినీళ్ళే! సముద్రం వెనక్కి పోయింది, మంచినీటి గవ్వలొచ్చాయి. ఇంకా పైన మళ్ళీ ఉప్పు, మళ్ళీ తీపి. మన ఘంటసాల ఊళ్ళో బౌద్ధస్తూపం కట్టిననాటి మట్టైతే కొత్తబియ్యం వాసన! ఇంకో గొట్టం లాగామా, అందులో ఇరుక్కున్న ఆనాటి వాన ఒక్కసారిగా పైకి చిమ్మింది. ప్రొఫెసరు గారు గొడుగు వేసుకున్నారు! వానతోపాటు ఆ కాలం చేపలూ పడ్డాయి, పులుసు పెట్టుకున్నాం. నేను చెప్పేదేంటంటే బావా, ఎన్నిసార్లొచ్చినా సముద్రం వెనక్కే పోయింది."

అందరూ పగలబడి నవ్వారు. జీవరత్నం నవ్వలేదు. బస్సు వచ్చి ఆగింది.

"కొల్లేరు నువ్వెప్పుడు చూశావురా?" అన్నాడు జీవరత్నం. "వాళ్ళొచ్చారని పేపర్లో పడ్డ వారమంతా నా చేలోనే ఉన్నావు. కాలవనీళ్ళు పెట్టి ఉప్పు కడుగుతున్నావు. పడవెక్కడిది నీకు?"

సుందరరాజు తల దించుకున్నాడు.

"పొద్దున గట్టుమీద కూర్చుని నా చేలో మట్టి నాలిక మీద వేసుకున్నావు. చూశాను. అదొక్కటీ నిజం చెప్పు."

కోతలరాయుడు బల్ల దిగి నిలబడ్డాడు.

"ఉప్పుంది బావా" అన్నాడు. "నిరుటంత లేదు."

"గుడివాడ ఎక్కేవాళ్ళెవరండీ?" అని అరిచాడు కండక్టరు.

జీవరత్నం పెట్టెని బల్లకిందికి తోశాడు.

"ఎవరూ లేరండీ, పోనివ్వండి."