ఆకుల కిరీటానికి వెండి

గద్వాల. కంసాలి కురుమూర్తి కొలిమి ముందు, నేతకారుడు నాగన్న కూతురు నవనీత. ఇద్దరి నడుమ, కాల్చిన చీర బూడిదను కడిగి కరిగించిన చిన్న ముద్ద. పక్కన ఫోన్‌లో ఒక కిరీటం బొమ్మ.

“ఏమాకు బిడ్డా ఇది? వేపనా?”

“ఆలివ్ మామా. గ్రీకు దేశంది. రెండువేల ఐదొందల ఏండ్ల కింద, పందెం గెలిచినోని తలకు చుట్టెటోళ్ళు.”

“గెలిస్తె ఆకులా? ఇటిక్యాల దిక్కు బండలాగిన ఎద్దుకు చుడితె, దించుకొని మేస్తది.”

“నవ్వు, నవ్వు. ఎల్లుండి హైదరాబాదుల ప్రదర్శన. భూమిని తవ్వకుండ, పాత జరీల నుంచి తీసిన వెండితోనే ఈ కిరీటం చేస్తున్న.”

“మా తాతలకెల్లి గదే చేస్తున్నం. పాత కడియం కరగబోసి కొత్త పట్టీలు. దానికి గ్రీకోని పేరు పెట్టలే, గంతే.”

“ఆ గ్రీకోళ్ళల్ల నీ అసొంటోడు గూడ ఉండె. రాజు కిరీటానికి బంగారమిస్తే, కంసాలి అండ్ల వెండి కలిపిండంట. ఒక పండితుడు నీళ్ళల్ల ముంచి పట్టిండు.”

“కలిపినోడు నా అసొంటోడా? నోరు కడుక్కో. నలభై ఏండ్ల సంది నా మీద ఒక్క మాట రాలే.”

“అందుకే వచ్చిన. గీటురాయి మీద గీసి, వెండి అని నువ్వంటే చాలు. కిరీటం కింద ‘నాగన్న మగ్గం జరీ’ అని రాస్త.”

“గీసిన.”

“మరి?”

“కరిగేటప్పుడే మంట రంగు నచ్చలే. ఇగో, తేజాబు, గదే యాసిడ్, చుక్క ఏస్తున్న. చూడు.”

“ఆకుపచ్చగ పొంగుతుంది...”

“వెండి గిట్ల పొంగదు. రాగి. వట్టి రాగి.”

“ఇంకోపాలి గీకు.”

“మూడుపార్లు గీకిన. రాస్కో బిడ్డా, మంచిగ రాస్కో. ఆకు గ్రీకోనిది, రాగి నాగన్నది. వెండి జరీ అని ఊరంత ఒట్లు పెట్టి అమ్మె మీ నాయిన! ఆ పండితుడు గద్వాలకు రాలే, మీ నాయిన బతికిపోయిండు.”

“నాయినను అనకు. నేసింది నాయినే, గని...”

“గని ఏంది? ఎవరి చీర ఇది?”

“చెప్పొద్దన్నది.”

“ఎవరు?”

“అత్త.”

“ఏ అత్త?”

“మీ ఇంట్ల అత్త. రామేశ్వరమ్మత్త. నెమలికంఠం రంగుది, మీ లగ్గం చీర. కాల్చు, కరిగినంక మీ మామతోనే గీకించు అన్నది.”

“మా లగ్గం చీరనా? ఆ ముద్ద ఇటియ్.”

“ఉండు, నాయినను పిలుస్త. ఎదురుంగనే అడుగు.”

“పిలవకు.”

“ఎందుకు? నీ లెక్కల ఆయన దొంగే కద!”

“జర మెల్లగ. మీ అత్త లోపలనే ఉన్నది.”

“మా నాయిన పేరు మెల్లగ తియ్యలే నువ్వు.”

“వాడు వద్దనే అన్నడు బిడ్డా. పెండ్లిపిల్ల చీరకు రాగి జరీ పెట్టనన్నడు. నేనే కాళ్ళు పట్టుకున్న. వెండి పెట్టే తాహతు లేకుండె అప్పుడు. ఆమెకేమో వెండే అని చెప్పిన.”

“ముప్పై ఏడేండ్ల సంది?”

“ఇప్పుడు చెప్తె ఏమొస్తది? ఈ ముద్ద తీసేసి నా వెండి పెడత. నీ కిరీటమైతది. మీ నాయిన పేరుంటది. ఆమెకు తెల్వదు.”

“ఆ రాజు కంసాలి గూడ గుట్టుగ వెండే పెట్టిండు మామా.”

“బతిమాలుకుంటున్న కద, బిడ్డా!”

“మార్చకు. అది నా చీర. రాగితోనే చెయ్యనియ్.”

“అత్తా! ఎంతసేపైంది నువ్వొచ్చి?”

“కింద మీ నాయిన పేరే రాయి, నవనీతా. రాగి అని గూడ రాయి.”

“ఏయ్... నాగన్న చెప్పిండా నీకు?”

“ఆయన నోరు నువ్వే కట్టేసినవ్ కద. పెండ్లైన మూడో నాడు, నువ్వు సంతకు పోయినంక, కొంగుల ఒక పోగు తెంపి ఈ రాయి మీదనే గీకి చూసుకున్న.”