వారెంటు లేని బీరువా

లా లైసెన్సు పరీక్ష హాలు బయట, మెట్ల మీద: సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తగారు, అప్పుడే బయటికొచ్చిన కోడలు.

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? ముందది తేల్చు."

"రెండూను అత్తయ్యా. కాస్త కూర్చోనివ్వండి."

"మిషను మీద సగం కుట్టిన బట్టలు వదిలేసి వచ్చాను. బాగా రాశావా, లేదా?"

"రాశాను. కిందటి రెండుసార్లలా బుర్ర మొద్దుబారలేదు. క్రిమినల్ ప్రొసీజరు వ్యాసాలు నాలుగూ రాసేశాను. ఈసారీ పోతే ఇక రాయనివ్వరని గుర్తొచ్చినా చెయ్యి ఆగలేదు."

"అన్ని రూల్సు ఎలా గుర్తున్నాయే?"

"కిటుకు పెట్టుకున్నాను. ఒక్కో రూలుకి ఇంట్లో ఒకళ్లని తగిలించాను."

"మనవాళ్లనా?"

"అరెస్టంటే ఆడపడుచు. చెయ్యి పట్టుకుంటే వదలదు, ఎందుకు పట్టుకుందో చెప్పదు."

"అచ్చం నా కూతురే. తర్వాత?"

"నోరు మెదపకుండా ఉండే హక్కు మామయ్యది."

"హక్కా అది? జబ్బు."

"బలవంతపు ఒప్పుకోలు మీ అబ్బాయి. నేను రెండోసారి అడిగితే చాలు, చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకుంటారు."

"చిన్నప్పుడూ అంతే. పిల్లి పాలు తాగినా నేనే తాగానమ్మా అనేవాడు. మరి నేనో?"

"మీరా... ఫ్లాస్కులో టీ ఉందా అత్తయ్యా?"

"ఉంది. నేనో?"

"మీరు జడ్జి."

"అబద్ధం. జడ్జీ కుర్చీలో కూర్చుంటాడు. మనింట్లో నన్నెవరు కూర్చోనిచ్చారు? నిజం చెప్పు."

"సోదా."

"అంటే?"

"ఇంట్లో జొరబడి వెతకడం. వారెంటు లేకుండా."

"నేనెప్పుడు వెతికానే?"

"మొన్న. నా బీరువా తెరిచారు."

"నువ్వు చూశావా?"

"తలుపు సందులోంచి."

"సందులోంచి చూడటాన్ని ఏమంటారు మీ పరీక్షలో?"

"సాక్ష్యం."

"బాగానే తప్పించుకున్నావు. సరే, రూలు గుర్తుందిగా. మరి ఆ ఏడుపు మొహం దేనికి?"

"నాలుగో ప్రశ్న. ఒక పోలీసు, వారెంటు లేకుండా ఒకావిడ బీరువా తెరిచి, దొంగిలించిన గడియారం పట్టుకున్నాడు. అది రాస్తూ రాస్తూ... కోప్పడరుగా?"

"చెప్పి చావు."

"పోలీసు అని రాయాల్సిన చోటల్లా అత్తయ్య అని రాశాను."

"ఎన్ని చోట్ల?"

"రెండు పేజీల నిండా. 'అత్తయ్య బీరువా తెరిచినప్పుడు ఇంటావిడ సమ్మతి లేదు. అత్తయ్యకు ఆ అధికారం చట్టం ఇవ్వలేదు.' గంట కొట్టి కాగితాలు లాక్కున్నాకే చూసుకున్నాను. నవ్వకండి అత్తయ్యా, గేటు దగ్గర అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చట్టం ఇవ్వలేదని రాశావా? అయ్యో, నా పక్కటెముకలు."

"పేపరు ఎవరిదో తెలిసే గుర్తేదైనా ఉంటే కొట్టేస్తారు."

"నా పేరు రాశావా?"

"లేదు."

"ఇంటిపేరు?"

"లేదు."

"ఇంకేం. అత్తయ్య అంటే ఎవరి అత్తయ్య అని పట్టుకుంటారు? ఊరంతా మేమే. దిద్దే మనిషికీ ఒకత్తయ్య ఉండే ఉంటుంది."

"ఉంటే?"

"రెండు మార్కులు ఎక్కువే పడతాయి. ఇంతకీ నన్నేం చేశావు చివరికి?"

"తప్పని తేల్చాను. అలా దొరికిన వస్తువు కోర్టులో చెల్లదు. దాన్ని పట్టుకుని ఇంకేం సంపాదించినా అదీ చెల్లదు."

"ఇంకేం సంపాదించినా అంటే?"

"ఆ గడియారం వల్ల ఇంకో దొంగ సొత్తు ఆచూకీ దొరికిందనుకోండి. ఆ సొత్తూ పనికిరాదు. మొదలే తప్పుది కదా."

"ఈ ముక్క ముందే చెప్పి చావొద్దూ."

"ఏం? అసలు నా బీరువాలో ఏం వెతికారు?"

"నీ చొక్కా. కొలతలు తీసుకోడానికి, ఆదికి."

"ఆదికా? నేను మిమ్మల్ని ఏం కుట్టమన్నానని?"

"ఈ సంచీ విప్పు. మెల్లగా, ఇస్త్రీ నలుగుతుంది."

"నల్ల... లాయరు కోటు. అత్తయ్యా, నేనింకా పాసవలేదు."

"వారెంటు లేని కొలతలతో కుట్టానుగా, నీ రాత ప్రకారం ఇదీ చెల్లదు. ఇటివ్వు, కుట్లు విప్పేస్తాను."