ఒక్క పోస్టు, రెండు కీబోర్డులు

బెజవాడలో ఓ కంప్యూటర్ సెంటర్లో ఒక్క ఉద్యోగానికి పరీక్ష జరుగుతోంది. ఇంకా ఐదు నిమిషాలే ఉంది. పరీక్ష పెట్టినాయన బయట ఫోన్లో ఉన్నాడు. ఫౌజియా పక్క కంప్యూటర్ దగ్గరున్న స్నేహితురాలు శాలిని వైపు వంగింది.

"శాలినీ, కొంప మునిగిందే! 'ఎ' అన్న పేరు తీసేసి 'టోటల్' పెట్టమంటే, కంప్యూటర్ ప్రోగ్రాంలో వేరే పదాల మధ్యనున్న ప్రతి 'ఎ' అక్షరాన్నీ మార్చిపారేసింది."

"ఫైలు మూసెయ్యకు. కంట్రోల్ జెడ్ కొట్టు."

"అమ్మయ్య, వెనక్కొచ్చేసింది!"

"ఈసారి పూర్తి పదమైతేనే మార్చమని టిక్ పెట్టు."

"సరిగ్గా వచ్చిందే! నీదైపోయిందా?"

"ఎక్కడ? నా ప్రోగ్రాంలో లూపు ఆగకుండా తిరుగుతూనే ఉంది."

ఫౌజియా మనసు చివుక్కుమంది.

"మరి నాకెందుకు చెప్పావే? ఉన్నది ఒక్క పోస్టేగా?"

"నువ్వడిగావుగా."

ఫౌజియా తలుపు వైపు చూసి, కుర్చీ శాలిని పక్కకు లాక్కుంది.

"జరుగు. లూపు చివర లెక్కకు ఒకటి కలపడం మర్చిపోయావు, అందుకే ఆగట్లేదు."