ఏ గదిలో దించారు?

నూజివీడు మామిడి గోదాములో పాత కంప్యూటర్ ముందు అహల్య బిగుసుకుపోయి కూర్చుంది. వెనకే మేనేజరు గంగాధరం.

“మెమరీ చాలదంటోందండీ.”

“చాట్రాయి తోటలో నిన్న విషపు మందు కొట్టి, ఇవాళ పొద్దున్నే కోసేశారటమ్మా! ఆ కాయలు ఇక్కడున్నాయో, వెళ్లిపోయిన లారీలో ఉన్నాయో చూడు.”

“పోయినేడాది వివరాలు కూడా ఇందులోనే ఉన్నాయండీ. అవి తీసేస్తే చోటొస్తుంది.”

“తియ్యి మరి!”

“పొరపాటున ఈ ఏడాదివి పోతే?”

“ఇలా కూర్చుంటే మనుషులే పోతారమ్మా. నొక్కు!”

అహల్య నొక్కింది. తెర నల్లబడింది. నెమ్మదిగా అక్షరాలు తేలాయి.

“మూడో గదండీ! లారీ ఎక్కలేదు.”

గంగాధరం గబగబా గుమ్మం దాకా వెళ్లి, అక్కడే కూలబడ్డాడు.

“నువ్వెళ్లి ఆ గదికి తాళం వేయించమ్మా. నాకు కాళ్లాడటం లేదు.”