వెనక్కి ఎక్కిన జీపు

1951, ముసురు పట్టిన సాయంత్రం. గోదారి గట్టు కింద, శ్మశానం నుంచి వచ్చే దారిలో, పాత మిలిటరీ జీపు. ముందు సీట్లలో ఆదినారాయణ, డ్రైవరు నూకరాజు.

“ఇంకోసారి ఎక్కించి చూడు నూకరాజూ.”

“ఎన్నిసార్లని చూడమంటారండీ? చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలట్లేదు.”

“నాలుగు చక్రాలూ లాగుతాయనే కదా కొన్నాం!”

“ఆయ్. నిన్న అమ్మగారిని కాన్పుకి అమలాపురం తీసుకెళ్తుంటే, వెనక చక్రాల్ని తిప్పే రాడ్డు విరిగింది కదండీ. ఊడదీసేను. ఇప్పుడు లాగేవి ముందువే.”

“ఆ మాటెత్తకు.”

“ఎత్తనండి.”

“ఆ రాడ్డు విరక్కపోతే...”

“ఎత్తొద్దన్నారండి.”

“...బురదలో, బండిలో కాన్పయ్యేదా? ఆస్పత్రికి చేరేది. బతికేదిరా నా మంగ.”

“ఆయ్... ఒక్క ఉపాయం ఉందండి. ఇలా ఎక్కుతుంటే బరువంతా వెనక్కి పోయి ముందు చక్రాలు జారుతున్నాయి. బండి తిప్పి రివర్సులో ఎక్కిస్తే బరువు వాటిమీదే పడుద్ది. ఇట్టే ఎక్కేస్తాది.”

“బుద్ధుందా? తిప్పితే కాష్ఠం నా ఎదురుగానే ఉంటుంది. నిప్పు పెట్టినవాడు మళ్ళీ అటు చూడకూడదు.”

“కళ్ళు మూసుకోండి. దారి నేను చూసుకుంటాను.”

“చూస్తే వెంటొస్తుందంటారు. ఇంట్లో పసిగుడ్డుంది. తల్లి ప్రాణం, దానిమీదే కొట్టుకుంటుంది. రానివ్వకూడదు. నడిచిపోదాం.”

“నిన్న బండి తోస్తూ విరగ్గొట్టుకున్న కాలుతోనాండీ?”

“నోరు ముయ్.”

“మూసేనండి.”

“...పాప దగ్గర పనిమనిషి లోవమ్మ ఒక్కత్తే ఉంది. సరే, తిప్పు.”

“కళ్ళు మూసుకున్నారా?”

“మూసుకున్నాన్లే, పోనీ.”

“గట్టిగా పట్టుకోండి... ఎక్కుతోందండి! ఎక్కుతోంది, ఎక్కు... అయ్యో.”

“ఏం, ఆపేవేం?”

“ఏం లేదండి.”

“గట్టెక్కేమా?”

“ఇంకొంచెం ఉందండి.”

“మరెందుకాపేవ్? వెనకేముంది?”

“మీరు కళ్ళు తెరవకండి.”

“తెరవలేదు. చెప్పు.”

“అమ్మగార్ని కొంచెం పక్కకి జరగమనండి. దారి కనపట్లేదు.”

“కోపంగా ఉందా?”

“లేదండి. చలికి వణుకుతున్నారు.”

“మంగా... కాస్త సర్దుకో. పాప పాలకి ఏడుస్తూ ఉంటుంది, ఇంటికెళ్దాం.”