మంగతాయి పెరట్లో మునిగిన ఊరు

మంగతాయి పెరట్లో గొంతుక్కూకుని, పగిలిన కుండలో మట్టి పోసి రామ్ములక్కాయ ఇత్తనాలు, అయ్యేనండి టమాటా ఇత్తనాలు, సల్లుతుందంట. ఏ మంగతాయి అంటారా, మా సూరన్న పెళ్ళాం. గోదారికి ఎగువన కొండల మధ్య ఆ పిల్ల పుట్టిల్లు. ఉండేది అనాలిలెండి, ఇప్పుడు లేదు. ఆనకట్ట కట్టారా, నీళ్ళు ఎనక్కి ఎగదన్నాయి, ఊరు ఊరంతా అడుక్కెళ్ళిపోయింది. జనాన్ని ఎక్కడో మెరకన కొత్తిళ్ళల్లో పెట్టారు. వాళ్ళమ్మ శేషారత్నం ఆ కొత్తింట్లో ఏడాది కూడా బతకలేదు పాపం. ఊరు ఖాళీ సేసే ముందర పెరట్లో పండిన కాయలు పాత గుడ్డ మీద పిసికి, ఇత్తనాలు ఎండబెట్టి, కూతురి కొంగున ముడేసిందంట. అయ్యే ఈ ఇత్తనాలు. ఇది సూసి అత్తగారు అచ్చియ్యమ్మ గుమ్మంలోంచి ఏమందీ, "మునిగిపోయిన ఊరి ఇత్తనం మొలుత్తాదేటే?" అంది. అచ్చియ్యమ్మ సెడ్డది కాదండోయ్, నోరు అలాంటిది. పెళ్ళిలో మర్యాద తక్కువైందని, ఇక వియ్యాలవారి గడప తొక్కనంది. తొక్కలేదు. ఊరు మునిగేదాకా తొక్కలేదు.

మొలిసినియ్యి. జానెడు నారయ్యాక నీళ్ళగది తూము కాడ పాతింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసింది, కర్రలు పాతి గోనెతాడుతో కట్టింది, ఆకు ముడతొత్తే పుల్లమజ్జిగ సల్లింది. మొదటి పూత రాలిపోయిన రోజు అన్నం తినలేదంట. తరవాత్తరవాత నిలిసింది. కాయలు ఎలాగున్నాయనుకున్నారు, బజారు కాయల్లాగ నున్నగా కాదు, గుమ్మడికాయకి మల్లే పాయలు పాయలుగా, బుజాల కాడ పగుళ్ళిచ్చి, పులుపంటే పులుపు.

మొదటి కోత పప్పులో ఏసింది. సూరన్న తిని, అరుగు మీద నులకమంచం ఏసుకుని పడుకున్నాడు. ఏమైందంటే, కలొచ్చింది. లేచి, "ఏమే, మీ ఊరెళ్ళానే! ఇసకలో నడుత్తన్నాను, పైన ఆకాసం లేదు, నీళ్ళున్నాయి. ఎలుతురు ఆకుపచ్చగా దిగుతుంది. తాటాకిళ్ళ మీంచి సేపలు పిట్టల్లాగ పోతన్నాయి" అన్నాడంట. మంగతాయి నవ్వి, పప్పు ఎక్కువ తిన్నావులే అంది. మర్నాడు పక్కింటి ఈరవేణికి నాలుగు కాయలిచ్చింది. ఈరవేణి ఎప్పుడన్నా ఆ ఊరెళ్ళిందా, లేదు. మధ్యాన్నం కునుకు తీసి పరిగెత్తుకొచ్చింది, "వొదినా, రేవు మెట్ల కాడ పసుపు రాసిన రాయి, ఎడం పక్క సందు తిరిగితే కుమ్మరోళ్ళు కుండలు కాల్చే ఆవం, అవునా?" అని. అవును మరి. అలాగే ఉండేది.

ఇంకేముంది, ఈదంతా గిన్నెలు పట్టుకొచ్చారు. రామ్ములక్కాయ పచ్చడి, రామ్ములక్కాయ పులుసు, తినడం, పడుకోడం. ఆ ఏడు మా ఊళ్ళో మధ్యాన్నాలు కుక్క కూడా అరవలేదనుకోండి. లేచాక ఒకళ్ళనొకళ్ళు, "నువ్వు నిన్న అక్కడ సావిడి మీద కూకున్నావు కదా, పిలిత్తే పలకవేటి?" అని అడగడం. దెబ్బలాడుకున్నోళ్ళు కూడా అక్కడ కలిసి తిరిగారంట.

అందరికీ వొచ్చిన కల మంగతాయికి రాలేదు. తింటాది, ఆ మొక్కల పక్కనే సాపేసుకుని కళ్ళు మూసుకుంటాది, నిద్దరొత్తాది, అంతే, ఉత్తి నిద్దర. లేచి అందరిళ్ళకీ ఎళ్ళి అడుగుతాది. "మా ఇల్లు సూసారా? నీలం తలుపులు. మా అమ్మ కనపడ్డదా?" అంటే, "సూసామమ్మా. తలుపేసుంది. లోపల పొయ్యి ఎలుగుతుంది, వాసనొత్తుంది. తడితే తియ్యలేదు" అన్నారంట, ఎవరినడిగినా అదే మాట.

ఎండలు ముదిరినియ్యి. మొక్కలు మాడిపోయినియ్యి. ఒక్క కాయ మిగిలింది. దాన్ని ఆకు కప్పి దాసుకుంది, ఈసారన్నా రాకపోద్దా అని. సరిగ్గా అప్పుడే అచ్చియ్యమ్మకి జొరం తగిలింది. నోరు సేదు. గంజి పోత్తే కక్కేసింది, సింతపండు చారు పోత్తే కక్కేసింది. గుంటలు పడ్డ కళ్ళతో కోడలికేసి సూసింది గానీ నోరు తెరిసి అడగలేదు. వియ్యాలవారి ఇత్తనమని అప్పటిదాకా ఆ కాయ ముట్టని మనిషి కదా, ఎలాగడుగుతాది? మంగతాయి పెరట్లోకెళ్ళి ఆ మొక్క ముందు సాలాసేపు నిలబడిందంట. నిలబడి, తెంపేసింది. చారు కాసి, తల ఒళ్ళో పెట్టుకుని తాగిచ్చింది. కక్కలేదు. అచ్చియ్యమ్మ అలాగే నిద్దరోయింది.

దీపాలేళకి లేచింది. లేచి కోడలి సెయ్యి పట్టుకుని, వొదల్లేదు. "నేను తడితే తీసిందే మీ అమ్మ. కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఇన్నాళ్ళకొచ్చావా వొదినా అంది, పీటేసింది. మా పిల్ల పొద్దున్నే ఏం తింటాది అనడిగిందే. నాకు తెలీదే. నీళ్ళలో కూకుని తల దించుకున్నాను. ఏం తింటావే నువ్వు పొద్దున్న?"

"ఏదుంటే అదే అత్తా."

"ఏదుంటే అదని సెప్పమంటావా మీ అమ్మకి?"

అప్పుడేడిసింది మంగతాయి. అమ్మ పోయినప్పుడు కూడా అలాగేడవలేదంట. ఏడుపులోనే సెప్పింది. అమ్మ దిబ్బరొట్టె కాల్చేది అత్తా, మాడిన పెచ్చు నాకే పెట్టేది, అడుగుది, కరకరలాడేది అని.

ఒంట్లో ఓపిక రాగానే అచ్చియ్యమ్మ గోడ పట్టుకుని లేచి పొయ్యి రాజేసింది. రొట్టె కొంచెం ఎక్కువే మాడ్సింది. మాడిన పెచ్చు తీసి కోడలి పళ్ళెంలో ఏసి, తినేదాకా ఎదురుగా కూకుంది. అప్పణ్ణించి ఆ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది అత్తగారే అంట.

మంగతాయికి ఎప్పుడన్నా కలొచ్చిందా అంటే, రాలేదనే అంటాది. అడగడం కూడా మానేసింది. అందరికీ పంచి, ఆకర్న చారులో ఏసి, ఇత్తనం ఉంచుకోలేదు సూడండి, ఆ కాయ మళ్ళీ లేదు. మా ఊరోళ్ళు మాత్రం మర్సిపోలేదు. ఆ ఊరికి దారెటు అని ఇప్పుడు ఎవర్నన్నా అడగండి, ఒక్కడూ ఎళ్ళినోడు కాదు, సెయ్యి గోదారి నీళ్ళకేసి సాపి, "రేవు మెట్లు దిగి ఎడం పక్కకి తిరుగు" అంటాడు. తిరిగితే మునుగుతావని మాత్రం ఒక్కడూ సెప్పడు.