భూపాల్ పెట్టెలో ఏడో నంబరు

భూపాల్ కూర్చున్న చోట చాయ్ చల్లారుతుంది గాని మాట చల్లారదని మానుకోటలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. ఆ మధ్యాహ్నం గట్టమ్మ చాయ్ హోటల్ ముందు బల్ల మీద అతనొక్కడే ముగ్గురి జాగా ఆక్రమించి కూర్చున్నాడు. ఒళ్ళో ఎర్రటి కరెంటు గిటారు, కాళ్ళ దగ్గర గిటారు చప్పుడును మార్చే, నంబర్లు రాసి ఉన్న ఇనుప పెట్టె, దాని పక్కన మోకాలెత్తు స్పీకరు డబ్బా. అన్నీ పట్నంలో కొన్నవే. సకల జనుల సమ్మె జోరుగా ఉన్న రోజులవి. ఎదురుగా డిపోలో బస్సులు దుమ్ము పట్టి నిలబడ్డాయి, గట్టమ్మ నెత్తి మీది ఫ్యాను పొద్దటి నుంచి తిరగలేదు.

బల్ల చివర సుజాత తన చెక్క గిటారును ఒడిలో పెట్టుకుని పళ్ళు బిగబట్టి కూర్చుంది. తెల్లారితే జనగామలో పెద్ద ధూంధాం, ఉద్యమ పాటల సభ. ఉన్న మైకులు డప్పులకే చాలడం లేదు, గిటారుకు మిగిలింది ఒక్కటే. అంటే లారీ ఎక్కేది ఒక్క గిటారే. అది ఎవరిదో తేల్చాల్సింది పాటల దళానికి పెద్ద దిక్కయిన లస్మయ్య. ఆయనేమో సమ్మె మొదలైన నాడే జ్వరంతో మంచాన పడి నిన్ననే లేచొచ్చాడు. సుజాత దళంలో చేరింది ఆయన మంచంలో ఉన్నప్పుడే. ఆమె చెయ్యి ఎట్లాంటిదో ఆయనకు తెలియదు. అందుకే గట్టమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని డప్పు కాగబెడుతూ, భూపాల్ చెప్పేది వింటున్నాడు.

"నాకు కోపమొచ్చిందంటే రాదా కాకా?" అంటున్నాడు భూపాల్. "నన్ను దెచ్చి గా కట్టెముక్క గిటారుతోని తూకమేస్తరా? టోను అంటే ఏందనుకుంటున్నరు మీరు? సప్పుడుకు రుచి గది. అది చేతి యేళ్ళల్ల ఉండదు, పెట్టెల ఉంటది. ఏడో నంబరు నొక్కితే నా టోను. ఇగ దానికి తిరుగు లేదు. సరే, మొన్న నర్మెట్టల ఏమైందో తెలుసా? పాట నడుమల ఒక తీగ టప్పుమని తెగింది. వేరేటోడైతే స్టేజీ దిగుతుండె. నేను ఐదు తీగల మీదనే పాట ఒడగొట్టిన."

"ఔ, తీగలు తెగుతయి," అన్నాడు జాల్యా. గార్ల దగ్గరి తండాలో వ్యవసాయం అతనికి. దళానికి బియ్యం మూట ఇచ్చిపోదామని వచ్చి, కథలో చిక్కుకున్నాడు.

"ఒక్కటి తెగితే చెప్పుకునేదేముందిరా? రెండోది తెగింది. మూడోది తెగింది. ఆఖరుకు ఒక్కటే తీగ మిగిలింది! పెట్టెల ఏడో నంబరు నొక్కిన. గా ఒక్క తీగ ఆరు తీగల పాట పాడింది. ఊరవతల మేస్తున్న బర్లు మెడలెత్తి, మేత ఇడిచిపెట్టి, వరుస గట్టి స్టేజీ ముంగటికొచ్చి నిలవడ్డయి. ఆనాడు నర్మెట్టల పాలు పిండుకున్నోళ్ళకు గిన్నెలు సాల్లేదు."

"మా బర్రె కాడ గూడ వాయించరాదు," అంది గట్టమ్మ. "సారెడు పాలిచ్చి తంతుంది."

అందరూ నవ్వారు. సుజాత నవ్వలేదు. నర్మెట్టలో ఆమె కూడా ఉంది. తెగింది ఒక్క తీగే. పాట పూర్తి చేసింది మాత్రం డప్పులోళ్ళు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరవబోయి ఆగింది. చర్చిలో వాళ్ళ బాపు గిటారు నేర్పినప్పుడే చెప్పాడు, మన గొప్ప మనం చెప్పుకోవద్దు బిడ్డా అని. మంచి మాటే. కానీ గొప్పలు అమ్ముకునేవాడు పక్కనే దుకాణం తెరిచినప్పుడు ఏం చెయ్యాలో బాపు చెప్పలేదు.

"చిట్యాలల అయితే అసలు కథ," భూపాల్ చాయ్ గ్లాసు బల్ల మీద కొట్టాడు. "పత్తి చేన్ల నడుమ మీటింగు. కాయ ఇంకా పచ్చిగనే ఉన్నది, రైతులంత మొఖాలు ఏలాడేసుకొని కూసున్నరు. నేను పెట్టెకు వైరు పెట్టి ఒక్క గీత గీసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టప, టప, టప! కాయలు పగులుతున్నయి. పాట ఒడిసేసరికి చేను చేనంత తెల్లగ ఇచ్చుకున్నది. ఏరనీకి కూలోళ్ళు దొరకక నన్నే తిట్టిన్రు, జర మెల్లగ వాయించరాదా అని."

"ఉత్తదే!" అన్నాడు జాల్యా, కానీ బల్ల మీద కొంచెం ముందుకు జరిగాడు.

"ఉత్తదైతే నా నోట్ల మన్ను వడ. సరే, అది ఇడిచిపెట్టు. భూపాలపల్లికి రా. బొగ్గు బాయి గేటు ముంగట స్పీకరు డబ్బ భూమికి ఆనిచ్చి పెట్టిన. సప్పుడు కిందికి దిగింది. దిగి, దిగి, బొగ్గు పొరల దాంక దిగింది. లోపల కార్మికుల చేతుల్ల పారలు వాటంతటవే కింద వడ్డయి. 'ఎవడ్రా గా వాయించేటోడు' అనుకుంట అంతమంది పైకొచ్చిన్రు. మళ్ళ దిగలే. రాష్ట్రమంత బొగ్గు ఎందుకాగింది? పెద్దలు చెప్పినందుకా? కాదు. నా ఏడో నంబరుకు ఆగింది! బొగ్గు ఆగినంక కరెంటు ఏడికెల్లి వస్తది? భూపాలపల్లి నుంచి పట్నం దాంక కరెంటు బుగ్గ ఎలగలే. నా ఒక్కని దెబ్బకు!"

సుజాతకు అరికాలి మంట నెత్తికెక్కింది. సమ్మెలో జీతం లేక పస్తులుంటున్న కార్మికుల ఇళ్ళు ఆమె చూసి వచ్చింది. వాళ్ళు తిండి మానుకుని చేసిన పని కూడా ఈయన పెట్టెలో వేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టకపోయినా, వద్దనడం లేదు. లస్మయ్య డప్పును మంట మీద ఇటు తిప్పి అటు తిప్పి, ఒకసారి భూపాల్ పెట్టె వైపు చూశాడు. అది చూసి సుజాత, జనగామ తన చేయి దాటిపోతోందనుకుంది.

"గదంత ఒకెత్తు, గార్ల ఒకెత్తు," భూపాల్ గొంతు తగ్గించాడు. "గార్లల రైల్‌రోకో ఎవరన్న చూసిన్రా?"

"నేను పోయిన," జాల్యా ఉలిక్కిపడ్డట్టు అన్నాడు. "ఎనుక నిలవడ్డ. మనుషులు అడ్డముండి ఏం కనవడలే గని, గిటారు సప్పుడైతే ఇన్న. దేవుని మీదొట్టు, ఇంటుంటే నా రోమాలు నిక్కవొడుసుకున్నయి. డప్పు లెక్కనే ఉండె, డప్పు గాదు. పాడుతున్నట్టు ఉండె, మనిషి గాదు."

"ఇన్నవా కాకా! సాక్ష్యం గూడ దొరికింది." భూపాల్ తొడ చరిచాడు. "గది నేనే. బొటనయేలుతోని తీగను బరువుగ గుంజుడు, ఎంటనే మెటికలతోని చెక్క మీద దరువేసుడు. గుంజుడు, ఏసుడు. గూడ్సు బండి కూత పెట్టుకుంట వస్తున్నది. ఏడో నంబరు నొక్కిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ఆగుడు గాదు, ఎనుకకు మళ్ళింది! డోర్నకల్ దాంక ఎనుకకే పోయింది. డ్రైవరు దిగి ఏడ్సుకుంట నా కాళ్ళ మీద వడ్డడు. సప్పుడు పట్టాలు పట్టుకొని పోయింది, కాజీపేట దాటింది, నాగపూర్ దాటింది, ఢిల్లీల పార్లమెంటు బల్లలు గడగడ వణికినయి. గింత చేసినోన్ని, గా కట్టెముక్కతోని..."

సుజాత చెవులకు ఇక ఏమీ వినబడలేదు. బొటనవేలు! మెటికలు! అవి ఆమెవి. చర్చిలో మైకు ఉండేది కాదు. ముసలమ్మల గొంతులు కిందికి ఉంటాయని తీగల శ్రుతి దించింది. అన్ని గొంతుల నడుమ వినబడాలని బొటనవేలితో గుంజడం పట్టింది. వేలు బొబ్బలెక్కింది, పగిలింది, మళ్ళీ బొబ్బలెక్కింది, ఆఖరికి గట్టిపడింది. తాళం వేసేవాళ్ళు రాని ఆదివారాల్లో చెక్క మీద మెటికలతో కొట్టడం అలవాటైంది. ఏళ్ళ తరబడి అట్లా కొడితే కొడితే ఒకనాడు అది ఆమె సొంత చప్పుడైంది. గార్లలో పట్టాల మీద ఆడవాళ్ళ నడుమ కూర్చుని వాయించింది ఆ చప్పుడునే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. బాపూ, నన్ను మన్నించు అనుకుని లేచి నిలబడింది.

"భూపాలన్నా, నాదో మాట."

"అడుగు చెల్లె, నేర్చుకోనీకి సిగ్గెందుకు?"

"భూపాలపల్లిల బొగ్గు ఆపింది నువ్వే కదా?"

"నేనే!"

"బొగ్గు ఆగినంక కరెంటు పోయింది కదా?"

"పట్నం దాంక పోయింది!"

"గార్ల రైల్‌రోకో ఆ తర్వాతనే కదా?"

"తర్వాతనే. గదే కదా చెప్తున్న."

"మరి గార్లల నీ ఏడో నంబరు దేనితోని మోగింది?"

భూపాల్ పెట్టె వైరు చేతిలోకి తీసుకున్నాడు. అతని కళ్ళు మెల్లగా పైకి పోయి, తిరగని ఫ్యాను మీద ఆగాయి. మొదట గట్టమ్మ ఫక్కుమంది. తర్వాత హోటలంతా.

"పెట్టెల బ్యాటరీ ఉంటది!" అన్నాడు భూపాల్, ముఖం ఎర్రబడి.

"ఉంటది. స్పీకరు డబ్బకుంటదా? గా డబ్బ వైరు పట్టుకొని స్టేషన్ల గోడ గోడ తిరిగినవ్. యాడ కరెంటు లేదు. ఆఖరుకు నీడకు దాని మీదనే కూసుండి మిర్చీలు తిన్నవ్. నేను పట్టాల మీదికెల్లి చూడలేదనుకున్నవా?" ఆమె అతని ముందుకు ఒక అడుగు వేసింది. "బర్లను మళ్ళిచ్చినవో, పత్తి పగలగొట్టినవో, నాకెందుకన్నా? నా యేలు నీదని చెప్తే మాత్రం ఊకోను."

"మరి నేనిన్న సప్పుడు ఎవరిది?" అడిగాడు జాల్యా, ఏమీ అర్థం కానట్టు.

లస్మయ్య డప్పును మంట మీది నుంచి తీశాడు. "వాయించు బిడ్డా," అన్నాడు.

సుజాత నిలబడే గిటారు అందుకుంది. బొటనవేలు పై తీగను గుంజింది, మెటికలు చెక్కను తాకాయి. మళ్ళీ. పగులుకు బంక పట్టీ వేసిన ఆ పాత చెక్కలోంచి వచ్చిన చప్పుడు పొయ్యి దాటి, రోడ్డు దాటి, డిపో గేటు ముందు దీక్షలో కూర్చున్న డ్రైవర్ల దాకా పోయింది. వాళ్ళు తలలు తిప్పి చూశారు. జాల్యా బల్ల మీది నుంచి లేచిపోయాడు. "గిదే! కాకా, గిదే సప్పుడు! నా రోమాలు చూడు!" అని చెయ్యి చాపి అందరికీ చూపించాడు.

లస్మయ్య సుజాత బొటనవేలిని తన వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూశాడు. తర్వాత డప్పు వాయించే చిర్రను పట్టే తన చేతిని తడుముకున్నాడు. "డప్పు రోజూ కాగబెట్టాలె," అన్నాడు. "చెయ్యి ఒక్కపారి కాగితే సాలు, గని శాన యేండ్లు పడ్తది. పొద్దుగాల్నే లారీ కాడికి రా బిడ్డా."

సుజాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతసేపూ రగిలిన కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు.

భూపాల్ వైరును చుట్టలు చుట్టలుగా చుడుతూ గొణుగుతూనే ఉన్నాడు. "గా చెక్కకు నా పెట్టె కలిపి ఏడో నంబరు నొక్కితే గనక, జనగామల ఏమైతదో తెలుసా..."

"నువ్వు గూడ రా భూపాల్," అన్నాడు లస్మయ్య, డప్పు భుజానికి తగిలించుకుంటూ. "మనోళ్ళల్ల నినాదాలిచ్చేటోని గొంతు పోయింది. పెట్టె ఈడనే గట్టమ్మ కాడ పెట్టు. నీ నోటికి కరెంటుతోని పనిలేదు గద."